కరుణకి వన్స్ మోర్

వడ్డీ వ్యాపారి ఎవరైనా బాకీ తీరలేదని ఒకరింటికి తాళం వేస్తే చాలు, మర్నాడు జిల్లా పేజీలో ‘అభినవ షైలాక్’ అని హెడ్డింగ్ పడుతుంది. షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’లో యూదు వడ్డీ వ్యాపారి పేరది. 2015 చివర్లో విజయవాడలో హెచ్చు వడ్డీల కాల్ మనీ వ్యవహారం బయటపడ్డప్పుడు కూడా ఆ మాట చాలాసార్లు చదివాను. చదివినప్పుడల్లా చిరాకే. కాల్ మనీ వాళ్ళ మీద జాలితో కాదు. వాళ్ళకు స్టేషన్లో కుర్చీ వేస్తారు, పెళ్ళిళ్ళలో ముందు వరసలో కూర్చోబెడతారు, మెడలో ఏదో ఒక పార్టీ కండువా ఉంటుంది. షైలాక్ వీధిలో కనిపిస్తే ఎవరూ లేచి నిలబడలేదు. మీద ఉమ్మారు. ఉమ్మిన మనిషే తర్వాత అప్పుకొచ్చాడు. ఉద్యోగమంతా బ్యాంకులో అప్పుల సీట్లో కూర్చున్నవాణ్ణి, మా జిల్లాలో అప్పిచ్చేవాడి మీద ఉమ్మిన మనిషిని ఒక్కణ్ణీ చూడలేదు.

ఈ తేడా నాకు తెలిసింది ఒంగోల్లో డిగ్రీ చదివేటప్పుడు, 1974 ప్రాంతంలో, కాలేజీ డేకి మేం వేసిన ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ వల్ల. అందులో నాది గ్రేషియానో వేషం. కోర్టు సీన్లో షైలాక్‌ని ఎగతాళి చేస్తూ ఎగిరెగిరి పడే కుర్రాడన్నమాట.

అంతకుముందు నాకు తెలిసిన షైలాక్ వేరు. ఇంటర్మీడియెట్‌లో నాన్ డీటెయిల్డ్‌గా లాంబ్ అక్కాతమ్ముళ్ళు 1807లో పిల్లల కోసం తెచ్చిన కథలుండేవి. అందులో మొదట్లోనే షైలాక్ వడ్డీలతో కూడబెట్టిన కఠినాత్ముడు, అతని దగ్గర అప్పు తీసుకునే వర్తకుడు ఆంటోనియో అంతటి దయాళువు లేడు. ఇక పేజీ తిప్పడమే. మాకు అంతకంటే అక్కర్లేదు కూడా. క్లాసులో సగం మందిమి పొగాకు రైతుల పిల్లలం. బ్యారన్లో ఆకు కాలి, గ్రేడు కట్టి, అమ్ముడయ్యేదాకా ప్రతి ఇంట్లోనూ ఎవరికో రాసిచ్చిన ప్రోనోటు తాలూకు బెంగ ఉండేది. మా నాన్న మూడ్రూపాయల వడ్డీకి తెచ్చి పంట వేసిన ఏళ్ళు నాకు గుర్తే. అప్పిచ్చినవాణ్ణి ద్వేషించడం మాకు షేక్‌స్పియర్ వచ్చి నేర్పాలా?

డిగ్రీలో ఇంగ్లీషు మాస్టారు అసలు నాటకం పట్టుకొచ్చారు. ఆయన పాఠం చెప్తే పరీక్షకి పనికొచ్చేది తక్కువ, కబుర్లు ఎక్కువ. ఇంగ్లండు నుంచి యూదుల్ని 1290లో రాజు వెళ్ళగొట్టేశాడనీ, 1656 దాకా తిరిగి రానివ్వలేదనీ, అంటే 1596, 97ల్లో ఈ నాటకం రాసేనాటికి చూసే జనంలో చాలామందికి యూదుడు పక్కింటి మనిషి కాదు, కథల్లో భూతమనీ ఆయన ద్వారానే విన్నాను. అంతకు రెండు మూడేళ్ళ ముందే, 1594లో, ఎలిజబెత్ రాణి వైద్యుడు లోపెజ్‌ని, యూదు మూలాలున్న పోర్చుగీసువాణ్ణి, ఆమెకి విషం పెట్టబోయాడన్న నేరం మీద జనం మధ్య ఉరితీశారు. ఆ వేడి ఇంకా చల్లారలేదు. 1600లో అచ్చయిన మొదటి పుస్తకం అట్ట మీదే ‘షైలాక్ అనే యూదుడి పరమ క్రూరత్వం’ అని ప్రకటించుకున్నారు. “మరి ఇంత క్రూరుడి చేత ఇన్ని మంచి మాటలు ఎందుకు చెప్పించాడ్రా ఆయన?” అని మాస్టారు మమ్మల్ని అడిగేవారు. జవాబు ఆయనా చెప్పలేదు.

కాలేజీ డేకి ఆ నాటకం తెలుగులో వేద్దామన్నది ఆయన సరదానే. కథ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో: స్నేహితుడు బాసానియో కోసం ఆంటోనియో షైలాక్ దగ్గర మూడు వేల డకెట్లు, అంటే వెనిస్ నాణేలు, అప్పు చేస్తాడు. గడువుకి తీర్చకపోతే తన ఒంట్లోంచి ఒక పౌను మాంసం కోసుకోవచ్చని పత్రం రాసిస్తాడు. తీర్చలేకపోతే బాసానియో పెళ్ళాడిన పోర్షియా లాయరు వేషంలో కోర్టుకొచ్చి కాపాడుతుంది. మొత్తం కాదు, అప్పు పత్రం సీను, షైలాక్ కూతురు లేచిపోయాక వచ్చే సీను, కోర్టు సీను. మిగతా కథ, అంటే పోర్షియా పెళ్ళి, మూడు పెట్టెలు, అన్నీ తెర వెనక మైకులో ఒకడు చెప్పేస్తాడు. వచనం ఇంగ్లీషు మాస్టారు రాశారు. కరుణ మీద పోర్షియా చేసే పెద్ద ప్రసంగం మాత్రం మా తెలుగు మాస్టారు పట్టుబట్టి సీసపద్యం చేశారు. పద్యం లేని నాటకానికి మా వైపు జనం నిలవరని ఆయన వాదన. అది నిజం కూడా.

డ్రెస్సులు చీరాల నుంచి అద్దెకి తెచ్చాం. పౌరాణికాల డ్రెస్సులే దొరికాయి. కోర్టులో తీర్పు చెప్పే వెనిస్ పాలకుడు, డ్యూకు, దుర్యోధనుడి అంగరఖాలో వచ్చి కూర్చున్నాడు, నయం, గద పట్టుకోలేదు. పోర్షియా వేసింది మగపిల్లాడే. బాపట్ల వాడైన స్థానం నరసింహారావుగారు ఆడవేషాలు వేసి 1956లో పద్మశ్రీ తీసుకున్న ప్రాంతం మాది, అందులో వింతేమీ లేదు. షేక్‌స్పియర్ రోజుల్లో కూడా పోర్షియా వేసింది మగపిల్లలేనని మాస్టారు చెబితే తెలుగు మాస్టారు “చూశారా, మన పద్ధతే” అని సంతోషించారు.

చిక్కల్లా షైలాక్ దగ్గర వచ్చింది. దుర్యోధనుడి వేషమంటే మా వైపు పోటీలు పడతారు. షైలాక్‌కి కిరీటం లేదు, పద్యం లేదు, చివర్లో వీరమరణం కూడా లేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి వెళ్ళిపోతాడు. ఎవడికి కావాలా వేషం? హాస్టల్లో ఉండే ఒక కుర్రాణ్ణి మాస్టారు పిలిచి ఇచ్చారు. బాగా పొడగరి, గొంతు చర్చిలో పాటలు పాడిన గొంతు. ఒంగోలుకి దగ్గర్లోనే పల్లె. వాళ్ళది బాప్టిస్టు కుటుంబం, తాతది తోలుపని. పేరు ఇక్కడ రాయను, మా షైలాక్ అనే అంటాను. మేమందరం అప్పట్నుంచీ అలాగే పిలిచేవాళ్ళం, ఇప్పటికీ ఫోనెత్తితే నేను అలాగే పిలుస్తాను.

రిహార్సల్లో మొదటిరోజే మాస్టారికీ అతనికీ పేచీ వచ్చింది. అప్పు సీన్లో షైలాక్ ఆంటోనియోతో అనే మాటలున్నాయి. నలుగురిలో నన్ను కుక్కన్నారు, నా కోటు మీద ఉమ్మారు, గడప దగ్గర వీధికుక్కని తన్నినట్టు తన్నారు, ఇవాళ డబ్బు కావాలంటున్నారు, నేనేమనాలి, కుక్క దగ్గర డబ్బుంటుందా అని. మాస్టారు ఆ చోట డైలాగు పేలాలన్నారు. మావాడు చేతులు కట్టుకుని, కాస్త వంగి, దాదాపు నవ్వుతూ చెప్పాడు.

“గట్టిగా అనవయ్యా, నీ కోపం వెనక బెంచీకి వినిపించాలి.”

“ఇట్టాంటి మాటలు గట్టిగా అనం సార్. ఇట్టాగే అంటాం.”

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే అలాగే కానీ అన్నారు. ఆ ‘అనం’లో ఎవరెవరున్నారో అక్కడున్న మా అందరికీ తెలుసు. ఎవరం మాట్లాడలేదు.

రెండో సీను నాకు అన్నిటికంటే ఇష్టం. కూతురు జెస్సికా నగలూ డబ్బూ మూటకట్టుకుని లొరెంజోతో వెళ్ళిపోయింది. ఊళ్ళో కుర్రాళ్ళు షైలాక్‌ని ఏడిపిస్తున్నారు. అప్పుడు అంటాడు, యూదుడికి కళ్ళు లేవా, చేతులు లేవా, గుచ్చితే మాకు నెత్తురు రాదా, విషం పెడితే చావమా అని. ఈ మాటల్ని ఎక్కడ ఎత్తి రాసినా ఇక్కడితో ఆపేసి మానవత్వం అంటారు. కానీ ఆ మాటలు అక్కడ ఆగవు. అన్నిట్లో మీలాంటివాళ్ళమే అయినప్పుడు, అన్యాయం చేస్తే పగ తీర్చుకోవడంలో మాత్రం వేరుగా ఎందుకుంటాం, ఈ విద్య మీ దగ్గర నేర్చుకున్నదే, గురువుని మించి చేసి చూపిస్తా అని ముగుస్తుంది. దయ చూపించమని అడిగే మనిషి కాదతను. పగకి న్యాయం చెప్పుకుంటున్నాడు. జాలీ భయమూ ఒకేసారి పుట్టించడం ఎంత కష్టమో నాటకాల్లో తిరిగినవాళ్ళకి తెలుస్తుంది.

ఆ వెంటనే ట్యూబాల్ అనే సాటి యూదుడు వచ్చి, నీ కూతురు ఒక ఉంగరం ఇచ్చి కోతిని కొనుక్కుందట అని చెబుతాడు. ఆ ఉంగరం షైలాక్‌కి పెళ్ళి కాకముందు, తర్వాత భార్య అయిన లియా ఇచ్చింది. అడవినిండా కోతులిస్తానన్నా ఆ ఉంగరం ఇచ్చేవాణ్ణి కాదంటాడు. మూడు వేల డకెట్ల మనిషి నోట్లోంచి వెల కట్టలేని వస్తువు గురించి వచ్చిన మాట అదొక్కటే. లియా గురించి నాటకంలో ఇంకెక్కడా లేదు. ఆ ఒక్క వాక్యంతో ఆవిడ మనకి కనిపిస్తుంది. లాంబ్ కథలో ఉంగరమూ లేదు, కోతీ లేదు, కళ్ళు లేవా అన్న ప్రశ్నా లేదు. అవి తీసేస్తే షైలాక్‌ని ద్వేషించడం చాలా తేలిక.

ఇక కాలేజీ డే. షామియానా కింద ముందు కుర్చీల్లో ఊరి పెద్దలు, లెక్చరర్లు, వాళ్ళ కుటుంబాలు. తర్వాత బెంచీల మీద మేం, మా బంధువులు. బెంచీల వెనక నేల మీద హాస్టల్ పిల్లల తాలూకు జనం, అటెండర్ల కుటుంబాలు. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు, ఎప్పుడూ అలాగే కూర్చునేవాళ్ళు. స్టేజీ మీదున్నవాడికి ఈ మూడూ వేరు వేరు జనాలుగా కనిపిస్తాయి. నవ్వు ముందు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుస్తుంది.

కోర్టు సీన్లో షైలాక్ చెప్పు అడుగున కత్తి నూరుతాడు, అది పుస్తకంలో ఉన్నదే. మా దగ్గర అట్టకత్తి ఉంది. మావాడు అది వద్దని ఇంటి నుంచి తోలు కోసే రంపె తెచ్చాడు, వాళ్ళ తాతది. త్రాసు కిరాణా కొట్టుది. డ్యూకు ముందు గొంతుక్కూర్చుని ఆ రంపెని చెప్పు మీద రెండు వైపులా తిప్పుతూ నూరుతుంటే, నటన నేర్చుకోనక్కర్లేని పని అతను చేస్తున్నాడని నాకు పక్కనుంచి తెలుస్తూనే ఉంది. నేను గ్రేషియానోగా నా ఎగతాళి మాటలు అన్నాను. ముందు కుర్చీల్లో నవ్వారు. విజిల్ కూడా ఒకటి పడింది. మనిషికి విజిల్ పడితే ఎంత ఊపొస్తుందో చెప్పక్కర్లేదు.

పోర్షియా లాయరు వేషంలో వచ్చింది. హార్మోనియం అందుకుంది. కరుణ బలవంతాన పుట్టేది కాదు, ఆకాశం నుంచి చినుకులా రాలేది, ఇచ్చినవాడికీ మేలు, పుచ్చుకున్నవాడికీ మేలు, రాజు తలమీది కిరీటం కన్నా అందం అని తెలుగు మాస్టారి సీసం. మోహన రాగంలో ఎత్తుగీతి దాకా లాగి వదిలాడు కుర్రాడు. షామియానా ఊగిపోయింది. “వన్స్ మోర్!” తెలుగు మాస్టారు ముందు వరసలో లేచి నిలబడి జనానికి దణ్ణం పెట్టారు. పోర్షియా మళ్ళీ మొదట్నుంచి అందుకున్నాడు.

పద్యం రెండోసారి నడుస్తున్నంతసేపూ షైలాక్ ఏం చెయ్యాలి? ఎవరూ అనుకోలేదది. మావాడు మళ్ళీ కింద కూర్చుని రంపె నూరుకోవడం మొదలుపెట్టాడు. హార్మోనియం శ్రుతి, ఆ శ్రుతి మధ్యలో తోలు మీద ఇనుము గీసుకునే చప్పుడు. కరుణ మీద అంత కమ్మగా పాడించుకుంటున్నవాళ్ళు తర్వాత ఏం చేస్తారో మావాడికి ముందే తెలుసు గదా, అందుకే పట్టించుకోనట్టు కూర్చున్నాడనిపించింది నాకు.

ఏం చేశారో చూడండి. మాంసం కొయ్యి, కానీ నెత్తురు చుక్క రాలితే నీ ఆస్తి ప్రభుత్వానిది అంటుంది పోర్షియా. షైలాక్ తగ్గి, మూడింతల డబ్బు చాలంటాడు. ఇవ్వరు. అసలన్నా ఇవ్వండంటాడు. అదీ ఇవ్వరు. వెళ్ళిపోబోతుంటే ఆగమని ఇంకో చట్టం తీస్తుంది. పరదేశి ఎవడైనా వెనిస్ పౌరుడి ప్రాణం తియ్యబోతే సగం ఆస్తి ఆ పౌరుడికి, సగం ఖజానాకి, ప్రాణం డ్యూకు దయ. ఇల్లు, వ్యాపారం, కూతురు, భార్య జ్ఞాపకం, అన్నీ వెనిస్‌లోనే ఉన్న మనిషి చట్టం దగ్గరికి వచ్చేసరికి పరదేశి. అప్పటిదాకా ఆ చట్టం గురించి ఎవరూ నోరెత్తలేదు, అతను గెలిచేట్టు ఉన్నంతసేపూ జేబులో పెట్టుకున్నారు. ఆఖర్న ఆంటోనియో తన ఉదారత చూపిస్తాడు. సగం ఆస్తి నేను చూసుకుంటాను, అతని తర్వాత కూతురికీ అల్లుడికీ ఇస్తాను, రెండు షరతులు, తన తర్వాత ఆస్తంతా వాళ్ళకే రాసివ్వాలి, ఇతను ఇప్పుడే క్రైస్తవుడు కావాలి.

సమ్మతమేనా అంటే సమ్మతమే అంటాడు షైలాక్. ఒంట్లో బాగాలేదు, వెళ్ళనివ్వండి, కాయితం ఇంటికి పంపితే సంతకం పెడతానంటాడు. అంతే. నాటకంలో ఇరవై సీన్లుంటే అతనున్నవి ఐదే. ఇక ఐదో అంకమంతా వెన్నెల, సంగీతం, ఉంగరాల హాస్యం. అతని ఊసు సరిగా ఎత్తరు.

వెళ్ళిపోతున్న షైలాక్ టోపీని నేను తన్ని ఎగరగొట్టాలని మాస్టారి డైరెక్షన్. తన్నాను. నవ్వు వస్తుందనుకున్నాం. ముందు కుర్చీల్లో కొంచెం వచ్చింది. వెనక నేల మీద నుంచి ఎవరో “చాల్లేవయ్యా!” అని గట్టిగా అరిచారు. గ్రేషియానోని అన్నారో నన్నే అన్నారో నేనిప్పటికీ తేల్చుకోలేదు. మావాడు వంగి టోపీ తీసుకుని, దుమ్ము దులిపి, పెట్టుకోకుండా చేత్తో పట్టుకుని వింగ్ వైపు కాకుండా మెట్లు దిగి జనం మధ్యలోంచి నడిచి వెళ్ళిపోయాడు. అది కూడా రిహార్సల్లో లేదు. వెనకున్నవాళ్ళు లేచి దారిచ్చారు.

తర్వాత కొబ్బరినూనెతో రంగులు తుడుచుకుంటుంటే వాళ్ళ నాయనమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో గుడ్డసంచీ. మనవడి మొహం చూసి నవ్వి, తర్వాత నా వైపు తిరిగి అడిగింది.

“బాబుగారూ, నాకొకటి తెలవక అడుగుతున్నా. బాప్తిస్మం శిక్షెట్టా అయిందయ్యా?”

నేను తెల్లమొహం వేశాను. మావాడు “నాటకం నాయనమ్మా” అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. వాళ్ళ నాయన గుండ్లకమ్మలో మునిగిన మనిషట, పెద్ద కరువు తర్వాత. “కరువులో క్లౌ దొర కాలవ పని ఇప్పించి గంజి పోయించాడు గానీ, ముంచమంటే ముంచలా. ఆకలికి వచ్చారో దేవుడి కోసం వచ్చారో తెలవదు, కరువు పోనీండి అన్నాడంట. కాలవపని అయిపోయినాక, ఎవురి కూడు ఆళ్ళు తింటున్నప్పుడు ముంచాడు. కత్తి లాక్కుని ముంచితే అది బాప్తిస్మమా? ఆ మనిషి ఇంటికెళ్ళి ఏం ప్రార్థన చేస్తాడు, ఎవురికి చేస్తాడు?”

ఆవిడ చెప్పిన దాంట్లో కథ కన్నా చరిత్రే ఎక్కువని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1876 నుంచి 78 దాకా సాగిన కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వాళ్ళలో ఎక్కువమంది ఊరి బావిలో చేద వెయ్యనివ్వని జనం. వాళ్ళకి ఆ మునక తలెత్తుకోవడానికి. వెనిస్‌లో అదే మునక తల వంచడానికి. షేక్‌స్పియర్ నాటి ప్రేక్షకులు ఆంటోనియో షరతుని దయ కిందే లెక్కేసి ఉంటారని పండితులు రాస్తారు, షైలాక్ ఆత్మకి మోక్షం దొరికిందని. అలా చదివినప్పుడు ఆ పండితులకి ఆ నాయనమ్మని ఒకసారి పరిచయం చేస్తే బాగుండుననుకునేవాణ్ణి.

బ్యాంకులో చేరాక ఊళ్ళు తిరిగేటప్పుడు ఖాళీగా ఉంటే ఈ నాటకం గురించి దొరికిందల్లా చదివాను. 1741లో చార్లెస్ మాక్లిన్ అనే నటుడు వేసేముందు షైలాక్‌ది హాస్యవేషమైపోయింది. మాక్లిన్ భయపెట్టాడు. 1814 జనవరి 26 రాత్రి లండన్ డ్రూరీ లేన్‌లో ఎడ్మండ్ కీన్ అలవాటుగా పెట్టే ఎర్రజుట్టు బదులు నల్లవిగ్గుతో వచ్చాడు. షైలాక్‌లో మనిషి కనిపించడం అక్కణ్ణుంచి మొదలైందంటారు. 1879లో హెన్రీ ఇర్వింగ్ పుస్తకంలో లేని ఒక ఘట్టం చేర్చాడు. కూతురు లేచిపోయిన రాత్రి షైలాక్ ఇంటికొచ్చి తలుపు తడతాడు, లోపల ఎవరూ ఉండరు, తెర పడుతుంది. అది చాలు, తర్వాత కోర్టులో ఎంత కత్తి నూరినా జనం అతని వైపే. నిజం చెప్పాలంటే ఇర్వింగ్ చేసింది నాకు కొంచెం దొంగదెబ్బలా అనిపిస్తుంది. జాలి కోసం అంత కష్టపడక్కర్లేదు, ఉమ్మిన సంగతి గుర్తుంటే సరిపోతుంది.

న్యూయార్క్‌లో జేకబ్ ఆడ్లర్ సంగతి ఇంకా బాగుంటుంది. 1903లో బ్రాడ్‌వే మీద అందరూ ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అతనొక్కడూ షైలాక్‌గా తూర్పు యూరపు యూదుల భాష యిడ్డిష్‌లో మాట్లాడాడు. చివర్లో కుంగిపోకుండా తలెత్తుకుని వెళ్ళిపోయేవాడట. అదే నాటకాన్ని 1943లో నాజీల కింద ఉన్న వియన్నాలో వెర్నర్ క్రౌస్ వేశాడు. ఊరి యూదుల్ని అప్పటికే చాలావరకు రైళ్ళెక్కించేశారు. ఆ ప్రేక్షకుల కోసం షైలాక్‌ని ఎంత అసహ్యంగా చూపించాలో అంతా చూపించారు. మాటలు షేక్‌స్పియర్‌వే.

జర్మన్ కవి హైనే 1838లో రాసిన ఒక పుస్తకంలో, డ్రూరీ లేన్‌లో తన వెనక ఉన్న ఒక ఇంగ్లీషావిడ నాలుగో అంకం చివర్లో వెక్కి వెక్కి ఏడుస్తూ, పాపం ఆ మనిషికి అన్యాయం జరిగిందని అందని చెప్తాడు. హైనే యూదుడిగా పుట్టి, ఉద్యోగం దారులు తెరుచుకోవాలని 1825లో బాప్తిస్మం తీసుకున్నవాడు. ఆవిడ ఏడుపు అతనికి అంత బాగా గుర్తుండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

రిటైరయ్యాక, అమ్మాయి జర్మనీలో ఉండబట్టి, వెనిస్ కూడా చూశాను. అందరూ పడవలెక్కుతుంటే నేను ఘెట్టో చూడాలన్నాను. 1516లో వెనిస్ ప్రభుత్వం యూదులందర్నీ చుట్టూ కాలవలున్న ఆ చిన్న దీవిలో పెట్టి గేట్లు బిగించింది. రాత్రయితే మూసేసేవాళ్ళు. కాపలావాళ్ళ జీతాలు కూడా లోపలున్నవాళ్ళే కట్టాలి. 1797లో నెపోలియన్ సైన్యం వచ్చేదాకా ఇదే. పక్కకి జరిగే చోటు లేక ఇళ్ళు పైకి లేచాయి, ఒక్కో అంతస్తు తల తగిలేంత ఎత్తు. మైదానం పక్కన బాంకో రొస్సో అని పాత తాకట్టు కొట్టు ఉంది. బ్యాంకు మనిషిని గదా, అక్కడే ఎక్కువసేపు నిలబడ్డాను. యూదులు భూమి కొనకూడదు, చాలా వృత్తులు చెయ్యకూడదు, కానీ పేదలకి తాకట్టు మీద అప్పులు మాత్రం ఇచ్చి తీరాలి, వడ్డీ ఎంతో ప్రభుత్వమే చెబుతుంది. అంటే ఆ పని వాళ్ళ చేత చేయించుకుని, ఆ పని చేస్తున్నారని అసహ్యించుకున్నారు. నాటకంలో ఘెట్టో మాటే రాదు. షైలాక్ రాత్రిపూట బాసానియో ఇంటికి భోజనానికి వెళ్తాడు కూడా. గేటు సంగతి షేక్‌స్పియర్‌కి తెలిసినట్టు లేదు.

మా షైలాక్ లా చదివి ఒంగోల్లోనే అడ్వొకేటయ్యాడు. చాలా ఏళ్ళు క్రిమినల్ కేసులు చేశాడు. నేను ఎక్కువ జాలిపడితే అతనే అడ్డం పడతాడు. “వాడు కోసేవాడేరా. ఆ రాత్రి రంపె నా చేతిలో ఉంది, నాకు తెలుసు. అది దాచిపెట్టి వాణ్ణి ప్రేమించకు” అంటాడు. నా వైపు వాదన బ్యాంకు వాదన. మాంసం తాకట్టుకి మార్కెట్ విలువ సున్నా, ఆ సంగతి షైలాకే అప్పు సీన్లో చెప్తాడు, మేక మాంసానికున్న ధర కూడా మనిషి మాంసానికి లేదని. అంటే మొదట్లో అది నిజంగా వేళాకోళమే అయుండాలి, కూతురు పోయాకే నిజమైంది. అతను ఒప్పుకోడు. వేళాకోళానికి స్టాంపు కాయితం ఎవడు కొంటాడంటాడు. ఆ అప్పుకి అసలు కారణం బాసానియో అయితే, అతని భార్య పోర్షియాయే వచ్చి జడ్జీ పక్కన కూర్చుని ఆంటోనియోకి అనుకూలంగా మాట్లాడడమేమిటని అతనికి ఇంకా మండుతూనే ఉంటుంది.

2016లో ఘెట్టోకి అయిదొందలేళ్ళు నిండినప్పుడు ఆ మైదానంలోనే ఈ నాటకం వేశారు. దానితోపాటు శాన్ రొక్కో హాల్లో షైలాక్ అప్పీలు అని ఒక ఉత్తుత్తి కోర్టు పెట్టారు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ స్వయంగా పెద్దగా కూర్చున్నారు. మాంసం ఒప్పందం ఏ కోర్టులోనూ చెల్లదన్నారు. షైలాక్ ఆస్తి, మూడు వేల డకెట్ల అసలు తిరిగివ్వాలన్నారు. మతం మార్చాలన్న షరతు రద్దు. వడ్డీ మాత్రం రాదు, నాలుగు వందల ఏళ్ళు ఆలస్యంగా అడిగాడు కాబట్టి. మా బ్యాంకులో ప్రోనోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం, ఆవిడ తీర్పులో తప్పు పట్టేదేమీ నాకు కనిపించలేదు. లాయరు కాకుండానే లాయరు వేషం కట్టినందుకు పోర్షియాని పాదువా యూనివర్సిటీకి వెళ్ళి లా చదువుకోమన్నారు.

వార్త చదివి వెంటనే మావాడికి ఫోన్ చేసి మొత్తం వినిపించాను. మతం రద్దు దగ్గర మళ్ళీ చదవమన్నాడు, చదివాను. పాదువా దగ్గర పెద్దగా నవ్వాడు. తర్వాత, “గ్రేషియానో మీద కేసేమన్నా పెట్టారా?” అని అడిగాడు.

నేను చదివినంతలో అతని పేరు లేదన్నాను.

“అదృష్టవంతుడివి” అన్నాడు.